మొదటి ఇల్లు కొనేవాళ్లకు ప్రభుత్వం నుంచి నిజంగా వచ్చేదెంత?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు 68 లక్షలకు ఒక ఫ్లాట్ చూశారు. బిల్డింగ్ ఇంకా కడుతున్నారు, తాళాలు ఇవ్వడానికి రెండేళ్లు పడుతుందన్నారు. మీ జీతం ఏడాదికి 15 లక్షలు, మీ భార్యగారిది 9 లక్షలు. ఇద్దరి పేరు మీదా ఎక్కడా ఇల్లు లేదు. మొదటి ఇల్లు కాబట్టి కేంద్రం నుంచి 2.67 లక్షల సబ్సిడీ వస్తుందని, వడ్డీ మీద 3.5 లక్షల దాకా పన్ను మినహాయింపు ఉంటుందని, ఆడవాళ్ల పేరు మీద రాయిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని బిల్డర్ ఆఫీసులో చెప్పారు. ఇవన్నీ నిజమేనా, కలిపితే ఎంత మిగులుతుంది అని అడిగారు. మార్జిన్ మనీ (లోన్ పోను మన చేతి నుంచి పెట్టాల్సిన డబ్బు) కోసం షాద్‌నగర్ దగ్గర మీ పేరు మీదున్న ప్లాటు అమ్ముతామని మధ్యలో ఒక వాక్యం రాశారు. ఊళ్లో సొంత జాగా ఉన్న మీ తమ్ముడికి ఏమైనా వస్తుందా అని చివర్లో అడిగారు.

సూటిగా చెప్తాను. బిల్డర్ ఆఫీసులో చెప్పిన ఆ మూడింటిలో ఒక్కటి కూడా మీకు రాదు. సబ్సిడీకి మీ ఆదాయం, ఇంటి ధర రెండూ ఎక్కువ. 3.5 లక్షల వడ్డీ మినహాయింపు గడువు 2022 మార్చితోనే అయిపోయింది. ఆడవాళ్ల పేరు మీద రాయించినా మన దగ్గర రిజిస్ట్రేషన్‌లో తగ్గింపు రావడం నేను చూడలేదు. కానీ మీరు మధ్యలో రాసిన ప్లాటు సంగతి ఉంది చూడండి, అందులో మీకు రెండున్నర లక్షలకు పైగా నిజంగా మిగిలే దారి ఉంది. దాని గురించి మిమ్మల్ని ఎవరూ హెచ్చరించినట్టు లేరు.

నేను పదేళ్లకు పైగా బ్యాంకులో హోమ్ లోన్ సెక్షన్‌లో పనిచేశాను. ఇప్పుడు కూకట్‌పల్లిలో ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఈ ప్రశ్నతో వచ్చేవాళ్లలో చాలామంది బుకింగ్ అడ్వాన్స్ కట్టేశాకే వస్తారు. మీరు ముందే అడిగారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

2.67 లక్షల మాట ఎక్కడిది?

2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో వడ్డీ సబ్సిడీ ఉండేది. తక్కువ ఆదాయం వాళ్లకు అది గరిష్ఠంగా 2.67 లక్షల దాకా వచ్చేది. ఏడాదికి 18 లక్షల ఆదాయం ఉన్న మధ్యతరగతి కుటుంబాలకు కూడా 2.30 లక్షల దాకా ఇచ్చేవాళ్లు. మధ్యతరగతికి అది 2021 మార్చి 31తో, తక్కువ ఆదాయం వాళ్లకు 2022 మార్చి 31తో ఆగిపోయింది. అంకె మాత్రం బ్రోచర్లలో, వాట్సాప్ మెసేజ్‌లలో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు నడుస్తున్నది దాని రెండో విడత. 2024 సెప్టెంబర్ 1 తర్వాత మంజూరై, డబ్బు విడుదలైన లోన్లకు వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండాలి. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం వాడుకునే స్థలం, 120 చదరపు మీటర్ల లోపు ఉండాలి. లోన్‌లో మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల వరకు 4 శాతం వడ్డీ సబ్సిడీ లెక్కగట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలను ఐదు వార్షిక వాయిదాల్లో లోన్ అకౌంట్‌లో వేస్తారు. మీ ఇద్దరి ఆదాయం కలిపితే 24 లక్షలు. కాబట్టి దీని గురించి ఇక ఆలోచించకండి.

అయితే ఇది చదివే వాళ్లలో అర్హులు తప్పకుండా ఉంటారు, వాళ్ల కోసం నాలుగు మాటలు. గుంటూరు, వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్లలో, హైదరాబాద్ శివార్లలో 35 లక్షల లోపు ఇళ్లు ఇంకా దొరుకుతున్నాయి. ఈ పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. మీ నాన్నగారి పేరు మీద ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన మీరు అనర్హులు కారు. ఈ ఒక్క అపోహతో అప్లై చేయకుండా ఊరుకున్న వాళ్లను చాలామందిని చూశాను. ఒక ల్యాబ్ టెక్నీషియన్ కుటుంబం వచ్చింది, ఆయన జీతం, ఆవిడ టైలరింగ్ కలిపి ఐదున్నర లక్షలు. అత్తగారింట్లో కాపురం ఉంటున్నాం కాబట్టి మాకు రాదనుకున్నారు. అత్తగారి ఇల్లు అత్తగారిదే, వీళ్ల లెక్కలోకి రాదు. వాళ్ల అప్లికేషన్ బ్యాంకు ద్వారా వెళ్లింది, మొదటి వాయిదా పడింది కూడా.

ఇల్లు ఆ ఇంటి ఆడవాళ్ల పేరు మీదో, భార్యాభర్తలిద్దరి పేరు మీదో ఉండాలి. కుటుంబంలో అందరి ఆధార్ కావాలి. గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం ఏదీ తీసుకుని ఉండకూడదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వాయిదా విడుదలయ్యే సమయానికి లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. చేతిలో డబ్బు పడగానే తొందరపడి పెద్ద మొత్తం కట్టేస్తే మిగతా వాయిదాలు పోతాయి.

3.5 లక్షల వడ్డీ మినహాయింపు

దీని లెక్క ఇది. సెక్షన్ 24(బి) కింద సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీ మీద 2 లక్షలు. దానికి పైన సెక్షన్ 80ఈఈఏ కింద మొదటి ఇల్లు కొనేవాళ్లకు మరో 1.5 లక్షలు. రెండూ కలిపి 3.5. కానీ 80ఈఈఏ 2019 ఏప్రిల్ 1 నుంచి 2022 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకు మాత్రమే, అదీ స్టాంప్ విలువ (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం లెక్కగట్టే విలువ) 45 లక్షల లోపు ఇళ్లకే. ఆ మధ్యలో లోన్ తీసుకున్నవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే ఇప్పటికీ క్లెయిమ్ చేసుకోవచ్చు. కొత్తగా లోన్ తీసుకునేవాళ్లకు ఆ తలుపు మూసేశారు.

సరే, మామూలు 2 లక్షలైనా వస్తుంది కదా అంటారు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతోంది. సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మినహాయింపు, అసలు చెల్లింపు మీద 80సీ మినహాయింపు రెండూ పాత పన్ను విధానంలోనే ఉన్నాయి. రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ ఉండే కొత్త విధానం ఎంచుకుంటే రెండూ లేవు. మరి మీకు ఏది లాభం? 2025-26 ఆర్థిక సంవత్సరం స్లాబులతో వేసి చూపిస్తాను. (2026 ఏప్రిల్ నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు. అందరికీ అలవాటైన పాత నంబర్లే వాడుతున్నాను.)

మీ 15 లక్షల జీతం మీద కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఇచ్చే తగ్గింపు) 75,000 తీసేస్తే 14.25 లక్షలు. పన్ను, సెస్సు కలిపి 97,500. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ 1.5 లక్షలు, ఇంటి వడ్డీ పూర్తి 2 లక్షలు తీసేసినా ఇంకా 11 లక్షలు మిగులుతుంది. దాని మీద పన్ను 1,48,200. అంటే ఇంటి లోన్ ప్రయోజనాలన్నీ పూర్తిగా వాడుకున్నా పాత విధానంలో మీరు 50,700 ఎక్కువ కడతారు.

మీ జీతానికి రెండు విధానాలూ సమానం కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా మిగతా మినహాయింపులు దాదాపు 5.44 లక్షలు ఉండాలి. వడ్డీ 2 లక్షలు, 80సీ 1.5 లక్షలు, హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు, ఎన్‌పీఎస్ పెన్షన్ పథకం 50 వేలు వేసుకున్నా 4.25 దగ్గరే ఆగిపోతారు. సొంతింట్లోకి మారాక హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం, దాని మినహాయింపు కూడా ఉండదు. జీతం 30 లక్షలున్నవాళ్లకైతే ఈ సమాన గీత 8 లక్షల దగ్గర ఉంటుంది, అది ఇంకా కష్టం.

మీ భార్యగారి సంగతి ఇంకా తేలిక. 9 లక్షల జీతానికి కొత్త విధానంలో రిబేటు వల్ల పన్ను సున్నా. సున్నాలోంచి తగ్గించడానికి ఏమీ లేదు. "భార్యను కో-ఓనర్‌గా పెడితే ఇద్దరికీ చెరో 2 లక్షలు" అనే సలహా ఒకప్పుడు మంచిదే, నేనే వందల మందికి చెప్పాను. ఇప్పుడు మీలాంటి వాళ్లకు అందులో పన్ను లాభం లేదు. ఇద్దరి పేరు మీదా రాయించుకోండి, అది ఆవిడ హక్కు. కానీ పన్ను మిగులుతుందని కాదు.

54 లక్షల లోన్ 20 ఏళ్లకు, 8 శాతం వడ్డీకి తీసుకుంటే ఈఎంఐ 45 వేల పైచిలుకు వస్తుంది. ట్యాక్స్‌లో ఇంత తిరిగొస్తుంది అని మనసులో తీసేసి, నిజానికి 38 వేలే కదా అనుకుని ముందుకెళ్లకండి. మీకు అది 45 వేలే.

పాత విధానం ఎవరికి పనికొస్తుంది? ఉద్యోగం ఒక ఊళ్లో, సొంతిల్లు ఇంకో ఊళ్లో ఉండి, హెచ్‌ఆర్‌ఏ పెద్ద మొత్తంలో వచ్చేవాళ్లకు. విజయవాడలో ఇల్లు కొనుక్కుని బెంగళూరులో నెలకు 35 వేల అద్దె కట్టే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నా దగ్గరికి వస్తారు. ఆయనకు ఇప్పటికీ పాతదే లాభం. ఎవరి లెక్క వాళ్లది, ఆఫీసు ఇచ్చే ఫారం 16 (జీతం, పన్ను వివరాల కాగితం) ముందు పెట్టుకుని వేసుకోవాల్సిందే.

ఆ ఇల్లు అద్దెకిస్తే ఇంకో కోణం ఉంది. కొత్త విధానంలో కూడా అద్దె ఆదాయం నుంచి లోన్ వడ్డీ తీసేసుకోవచ్చు, దానికి 2 లక్షల పరిమితి లేదు. అద్దె కంటే వడ్డీ ఎక్కువైతే ఆ నష్టాన్ని జీతం నుంచి తగ్గించుకోవడం మాత్రం కుదరదు.

కట్టే దశలో ఉన్న ఫ్లాట్‌కు ఉన్న చిక్కు

పాత విధానంలో ఉండేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవండి. ఇల్లు పూర్తయ్యే దాకా ఒక్క రూపాయి వడ్డీ కూడా క్లెయిమ్ చేయలేరు. అప్పటిదాకా కట్టిన వడ్డీని ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన భాగాలుగా తీసుకోవచ్చు, కానీ ఆ ఏడాది వడ్డీతో కలిపి అదే 2 లక్షల పరిమితిలో. పెద్ద లోన్ ఉన్నవాళ్లకు ఆ ఏడాది వడ్డీతోనే పరిమితి నిండిపోతుంది కాబట్టి కట్టేటప్పుడు పోయిన వడ్డీ చాలావరకు వృథా.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి ఐదేళ్లలోపు ఇల్లు పూర్తికాకపోతే 2 లక్షల మినహాయింపు 30 వేలకు పడిపోతుంది. నా క్లయింట్ ఒకాయన 2017 జూన్‌లో లోన్ తీసుకున్నారు. గడువు 2023 మార్చి 31. బిల్డర్ తాళాలిచ్చింది 2023 సెప్టెంబర్‌లో. ఆరు నెలల ఆలస్యం. ఆయన 30 శాతం స్లాబులో, పాత విధానంలో ఉన్నారు. ఏడాదికి 1.7 లక్షల మినహాయింపు పోయింది, అంటే 53 వేల పన్ను, ప్రతి ఏడాదీ. బిల్డర్‌ను అడిగితే కరోనా అన్నాడు. చట్టంలో ఆ ఆలస్యానికి మినహాయింపు దొరకలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే 2017లో ఈ గడువు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

జీఎస్టీ: మీరు నిజంగా ఆలోచించాల్సిన చోటు

కట్టే దశలో ఉన్న ఫ్లాట్‌కు 5 శాతం జీఎస్టీ. మీ 68 లక్షల మీద 3.4 లక్షలు. ఓసీ, అంటే ఇల్లు పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చిన ఫ్లాట్‌కు జీఎస్టీ సున్నా. పన్ను మినహాయింపుల కోసం బుర్ర బద్దలు కొట్టుకునే వాళ్లు ఈ మూడున్నర లక్షల గురించి ఆలోచించరు. అదే ఏరియాలో ఓసీ వచ్చిన ఫ్లాట్ ధర ఎంత ఉందో కనుక్కోండి. తేడా రెండు మూడు లక్షలే అయితే రెడీగా ఉన్నదే మేలు, రెండేళ్ల అద్దె కూడా మిగులుతుంది.

ఒక మెలిక ఉంది. ధర మొత్తం ఓసీ వచ్చాక కడితేనే జీఎస్టీ ఉండదు. ఓసీకి ముందు బుకింగ్ అడ్వాన్స్ కట్టినా మొత్తం ధర మీద జీఎస్టీ పడుతుంది. "ఓసీ వచ్చే నెలే సార్, ఇప్పుడు లక్ష కట్టి బ్లాక్ చేసుకోండి" అని ఎవరైనా అంటే ఆ లక్ష మిమ్మల్ని మూడు లక్షలు ఖర్చు పెట్టిస్తుంది. ఒక్క నెల ఆగండి.

చవక ఇళ్లకు 1 శాతం జీఎస్టీ ఉంది. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా హైదరాబాద్ లాంటి మెట్రోల్లో 60 చదరపు మీటర్లు, మిగతా ఊళ్లలో 90 చదరపు మీటర్ల లోపు. 60 అంటే దాదాపు 645 ఎస్‌ఎఫ్‌టీ, 90 అంటే దాదాపు 968 ఎస్‌ఎఫ్‌టీ. మన దగ్గర 1,100 ఎస్‌ఎఫ్‌టీ అని అమ్మేది సూపర్ బిల్టప్ (గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలం వాటా కూడా కలిపినది), ఈ లెక్కకు కార్పెట్ మాత్రమే చూడాలి. విజయవాడలో, విశాఖలో 90 వర్తిస్తుంది కాబట్టి అక్కడ రెండు బెడ్‌రూముల ఫ్లాట్లు దీనిలోకి రావడం తేలిక. ఇంకో సంగతి, 45 లక్షలంటే ఫ్లాట్ ధర ఒక్కటే కాదు. కార్ పార్కింగ్, కార్నర్ ఫ్లాట్ అదనం, అన్నీ కలిపి. నా దగ్గరికి వచ్చిన ఒక దంపతులకు ఫ్లాట్ 44 లక్షలని 1 శాతం లెక్క చెప్పి, చివర్లో పార్కింగ్‌కు రెండు లక్షలు కలిపారు. ధర 46 అయింది, జీఎస్టీ 44 వేల నుంచి 2.3 లక్షలకు వెళ్లింది. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు మొత్తం ధర ఒకే కాగితం మీద రాయించుకోండి.

రిజిస్ట్రేషన్

తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. ఆంధ్రలో 5, 1.5, 1, అక్కడా 7.5 శాతమే. ఢిల్లీలో, మహారాష్ట్రలో ఆడవాళ్ల పేరు మీద కొంటే స్టాంప్ డ్యూటీ తక్కువ, బిల్డర్ ఆఫీసులో చెప్పిన మాట బహుశా అక్కడి నుంచి వచ్చి ఉంటుంది. నేను ఇక్కడ ఇటీవల చేయించిన రిజిస్ట్రేషన్లు, ఆడవాళ్ల పేరు మీదవి కూడా, 7.5 శాతంతోనే అయ్యాయి. మీకు 5.10 లక్షలు. మీ రిజిస్ట్రేషన్ నాటికి రేటు ఎంతుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి అడగండి. కొన్ని బ్యాంకులు మాత్రం లోన్‌లో ఆడవాళ్లు మొదటి దరఖాస్తుదారైతే వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తాయి, అది అడిగి తీసుకోండి.

ఇప్పుడు చేతి డబ్బు ఎంత కావాలో చూడండి. 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. 68 లక్షలకు గరిష్ఠంగా 54.4 లక్షలు. మీ వంతు 13.6 లక్షలు, జీఎస్టీ 3.4, రిజిస్ట్రేషన్ 5.1. మొత్తం 22.1 లక్షలు మీ జేబులోంచి. ఇంటీరియర్, షిఫ్టింగ్ కాకుండా. సబ్సిడీ వస్తుందనే నమ్మకంతో ఇందులో రెండున్నర లక్షలు తక్కువ పెట్టుకుని ఉంటే, చివరి నిమిషంలో పర్సనల్ లోన్ కోసం పరిగెత్తాల్సి వస్తుంది. బ్యాంకులో ఉన్నప్పుడు ఆ టెన్షన్ వారం వారం చూశాను.

ఇంకోటి, ధర 50 లక్షలు లేదా అంతకు పైనైతే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) తగ్గించి కట్టాల్సిన బాధ్యత కొనేవాళ్లదే. మీకు 68 వేలు, బిల్డర్‌కు ఇచ్చే ప్రతి చెల్లింపులో కొంత కొంత. ఇది అదనపు ఖర్చు కాదు, ధరలోంచే. కానీ చెల్లించిన నెల ముగిసిన 30 రోజుల్లో ఫారం 26క్యూబీ వేయకపోతే రోజుకు 200 ఫీజు. రీసేల్ ఫ్లాట్ కొంటే, అమ్మే వ్యక్తి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండే ఎన్‌ఆర్‌ఐ అయితే ఈ 1 శాతం లెక్క చెల్లదు. టీడీఎస్ చాలా ఎక్కువ ఉంటుంది, డబ్బు ఇవ్వకముందే ఆడిటర్‌ను కలవండి.

ఇక మీ షాద్‌నగర్ ప్లాటు

2012లో 5 లక్షలకు కొన్నారు, ఇప్పుడు 25 లక్షలకు బేరం వచ్చిందన్నారు. మామూలుగా అమ్మితే 20 లక్షల లాభం మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 2.6 లక్షల పన్ను. (2024 జూలై 23కు ముందు కొన్న స్థలం కాబట్టి ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి లెక్కగట్టి, 20 శాతం కూడా ఎంచుకోవచ్చు. మీ అంకెలకు అది 3 లక్షల పైన వస్తుంది, కాబట్టి 12.5 శాతమే నయం.) కానీ ఇల్లు కాని ఆస్తి, అంటే ప్లాటు, బంగారం, షేర్ల లాంటిది, అమ్మి ఆ డబ్బుతో ఇల్లు కొంటే సెక్షన్ 54ఎఫ్ కింద ఆ పన్ను మొత్తం పోతుంది. ఇది కొత్త పన్ను విధానంలోనూ ఉంది. మొదటి ఇల్లు కొనేవాళ్లకని పేరు పెట్టలేదు కానీ, నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో మొదటి ఇంటికి నిజంగా ఉపయోగపడే రాయితీ ఇదే. మనవాళ్లు ముందు ప్లాటు కొంటారు, పదేళ్లయ్యాక అది అమ్మి ఇల్లు కొంటారు.

షరతులు ఇవి. లాభం ఒక్కటే కాదు, అమ్మగా వచ్చిన మొత్తం, మీ విషయంలో ఖర్చులు పోను 25 లక్షలు, కొత్త ఇంట్లో పెట్టాలి. కొంత పెడితే ఆ నిష్పత్తిలోనే మినహాయింపు. మీకు మార్జిన్, జీఎస్టీ, రిజిస్ట్రేషన్‌కే 22.1 లక్షలు కావాలి, మిగిలిన మూడు లక్షలు కూడా లోన్ తగ్గించుకుని ఇంట్లోనే పెట్టండి. ప్లాటు మీ పేరు మీద ఉంది కాబట్టి కొత్త ఇంట్లో మీ పేరు తప్పక ఉండాలి. రెడీ ఇల్లయితే ప్లాటు అమ్మడానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత లోపు కొనాలి. కట్టే ఇల్లయితే మూడేళ్లలో పూర్తికావాలి. మీ బిల్డర్ రెండేళ్లంటున్నాడు, ఏడాది ఆలస్యమైతే మీరు అంచు మీద ఉంటారు. ఓసీ వచ్చిన ఫ్లాట్ చూడమని చెప్పడానికి ఇది నాకు ఇంకో కారణం.

ప్లాటు అమ్మిన ఏడాదికి రిటర్న్ వేసే గడువులోపు ఇంటికి పెట్టని డబ్బు ఏమైనా మిగిలి ఉంటే దాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ తెరిచి అందులో వేయాలి. మామూలు ఎఫ్‌డీలో పెట్టి, తర్వాత బిల్డర్‌కు కట్టాను అంటే ఒప్పుకోరు. ఇది తెలియక మినహాయింపు పోగొట్టుకున్న కేసులు ప్రతి ఏడాదీ వస్తాయి. కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మకూడదు.

చివరిగా, ప్లాటు డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోండి. "సగం క్యాష్ ఇస్తాను, రిజిస్ట్రేషన్ తక్కువకు చేద్దాం" అనే బేరం తప్పకుండా వస్తుంది. స్థలం అమ్మకంలో 20 వేలు లేదా ఆ పైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. పైగా ఆ నగదును మీరు బిల్డర్‌కు మార్జిన్‌గా చూపించలేరు. 54ఎఫ్ ఉన్నప్పుడు దాచాల్సిన పన్నే లేదు, ఎందుకు దాచడం? మీ భార్యగారి నాన్నగారు ఇస్తామన్న సాయం కూడా అకౌంట్ ద్వారానే తీసుకోండి. దగ్గర బంధువులిచ్చే బహుమతికి పన్ను లేదు, ఒక చిన్న గిఫ్ట్ డీడ్ రాయించుకుంటే చాలు.

మీ తమ్ముడికి

ఊళ్లో సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేని పేద కుటుంబమైతే తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షలు వస్తుంది. ఇది లోన్ కాదు, తిరిగి కట్టక్కర్లేదు. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక 1.25 లక్షలు, స్లాబు పడ్డాక 1.75 లక్షలు, పూర్తయ్యాక మిగతాది. ప్రతి దశలో అధికారులు ఫొటో తీసి అప్‌లోడ్ చేశాకే డబ్బు అకౌంట్‌లో పడుతుంది. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్యే ఉండాలి. ఎలాగూ కడుతున్నాం కదా అని బేస్‌మెంట్ పెద్దగా వేసుకుంటే బిల్లు ఆగిపోతుంది. జాబితాలో పేరు రాకముందే పునాది తీయొద్దని చెప్పండి. గ్రామంలో ఇందిరమ్మ కమిటీని, మండలంలో ఎంపీడీఓ ఆఫీసును కలిస్తే పేరు ఎక్కడుందో చెప్తారు.

మీరు ఇప్పుడు చేయాల్సింది: అడ్వాన్స్ కట్టకండి. బిల్డర్‌ను మూడు సంగతులు రాతలో అడగండి. పార్కింగ్, క్లబ్ ఛార్జీలతో సహా మొత్తం ధర ఎంత, కార్పెట్ ఏరియా ఎంత, రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, ఇల్లు పూర్తి చేస్తామని ఇచ్చిన తేదీ ఏది. రెరా తేదీని తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి, బ్రోచర్ తేదీని నమ్మకండి. అదే ఏరియాలో ఓసీ వచ్చిన రెండు మూడు ఫ్లాట్ల ధరలు కూడా తీసుకుని ఇక్కడ రాయండి. ప్లాటు ఏ నెలలో అమ్మితే 54ఎఫ్ గడువులు మీకు హాయిగా సరిపోతాయో తేదీలతో సహా లెక్కవేసి చెప్తాను.